తీన్ పత్తా వచ్చు, పోకర్ మొదలుపెట్టాలంటే ఎట్ల?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పండుగకు అందరం కలిస్తే పత్తాలాట ఉండాల్సిందే. రమ్మీ, తీన్ పత్తా బాగానే వచ్చు. ఇప్పుడు టెక్సాస్ హోల్డెమ్ పోకర్ నేర్చుకుంటున్నం. పైసల్లేవు, చింతగింజలతోనే. (ఆన్‌లైన్‌లో పైసల ఆట తెలంగాణల 2017 నుంచే బంద్, యాప్‌ల పేర్లు మాత్రం చెప్పకండి.)

చేతికి రెండు పత్తాలు, నేల మీద ముందు మూడు, తర్వాత ఒకటి, ఇంకొకటి. ఏడింట్ల మంచి ఐదు ఏరుకోవాలె. ఇంతవరకు సమజైంది. తీన్ పత్తాల సీక్వెన్స్ (వరుస పత్తాలు) కలర్‌ను (అన్నీ ఒకే గుర్తు పత్తాలు) కొడ్తది, పోకర్‌ల ఉల్టా. ఐదు పత్తాలకు కలర్ పడుడే అరుదట, సరే.

లొల్లంత ఇక్కడే: నేల మీద ఏసు, కింగు, రాణి, జాకీ, నాలుగు. కలర్ ఎవరికీ లేదు. నా చేతిల ఏసు, తొమ్మిది. మా బావ చేతిల ఏసు, ఏడు. తొమ్మిది పెద్దది కాబట్టి గింజలన్నీ నావే అన్న. బావేమో ఇద్దరి ఐదు పత్తాలూ ఒక్కటే, చెరిసగం అంటడు. ఎవరిది రైటు?

ఇంకోటి, మొదటి రెండు పత్తాలు చూసి ఎప్పుడు పడేయాలె? మావోళ్లు ఏదొచ్చినా ఆఖరిదాకా కూసుంటరు. కొత్తోళ్లకు పనికొచ్చే లెక్క ఏమన్నా ఉంటే చెప్పండన్నా.