చెల్సీ 2022-23 సీజన్ అంత ఘోరంగా ఎలా పోయింది?

కొత్తఫ్యాన్: నేను ఫుట్‌బాల్ చూడ్డం ఈమధ్యే మొదలెట్టా. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ పాత టేబుల్స్ చూస్తుంటే చెల్సీ 12వ ప్లేస్, 44 పాయింట్లు అని ఉంది. అంత డబ్బు పోసి కొన్న టీమ్ కదా, కోచ్‌లు మారడం వల్లేనా?

నీలిజెర్సీ: అయ్యో ఆ సీజన్ గుర్తు చేయకండి బాబూ. సెప్టెంబర్‌లో జాగ్రెబ్‌లో (క్రొయేషియా) ఓడిపోగానే కోచ్ టూకెల్‌ని పీకేశారు, ఆయన ప్లేస్‌లో పాటర్ వచ్చాడు, ఏప్రిల్‌లో ఆయన్నీ పంపేసి ఒక మ్యాచ్ అసిస్టెంట్ కోచ్ బ్రూనోతో నడిపి, మళ్ళీ మన పాత ప్లేయర్, పాత కోచ్ లాంపార్డ్‌నే తెచ్చారు, ఆయనొచ్చాక వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయాం. ఛాంపియన్స్ లీగ్ (యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ)లో రియల్ మాడ్రిడ్ మ్యాచ్ కోసం రాత్రి పన్నెండున్నరకి అలారం పెట్టుకుని లేచి, టీ పెట్టుకుని మరీ చూశా, 2-0తో ఓడిపోయాం. ఆఫీసులో నిద్ర బోనస్ 😭

మిడ్‌ఫీల్డ్‌మామ: కోచ్‌ల మీదే తోసేయకు తమ్ముడూ. 38 మ్యాచ్‌లకి 38 గోల్సే, లీగ్‌లో మన టాప్ స్కోరర్ హావెర్ట్జ్‌వి ఏడు! స్ట్రైకర్ లేకుండా ఎవడొచ్చినా అంతే. జనవరిలో మిడ్‌ఫీల్డర్ ఎంజోకి వంద మిలియన్ పౌండ్లు దాటించి పెట్టారు గానీ గోల్ కొట్టేవాడు ఏడీ?

నీలిజెర్సీ: అదీ నిజమే అన్నా. కానీ జనవరిలో అంతమందిని కొన్నాక ఛాంపియన్స్ లీగ్ ప్లేయర్ల లిస్టులో ముగ్గురు కొత్తవాళ్ళకే చోటు, అప్పుడే కొన్న డిఫెండర్ బాదియాషిల్ పాపం బయటే. పెళ్ళికి పిలిచి విస్తరి వేయనట్టు.

కొత్తఫ్యాన్: 😂 అర్థమైంది, థాంక్స్ అన్నా