ఓడ వెనుక లాగే హైడ్రోఫోన్ అర్రేలో రొద: మూలాన్ని గుర్తించడం ఎలా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, చెన్నై)
సభ్యులందరికీ నమస్కారం. నూనె నింపిన గొట్టంలో 0.75 మీటర్ల ఎడంతో 32 హైడ్రోఫోన్లు (నీటిలోని శబ్దాలను పట్టే మైకులు) అమర్చి మా బృందం ఒక అర్రేను (వరుసను) తయారుచేసింది. మంచినీటి తొట్టిలో అన్ని చానళ్లూ (ఒక్కో హైడ్రోఫోన్ సంకేతం ఒక్కో చానల్) చక్కగా పనిచేశాయి గాని, చెన్నై తీరం అవతల పడవకు కట్టి లాగితే 100 హెర్ట్జ్‌కు దిగువన విపరీతమైన రొద వస్తోంది. వేగం పెంచినకొద్దీ పెరుగుతోంది. అది పడవదా, నీటి ఒరిపిడిదా, కేబుల్ అదురుదా అన్నది తేల్చుకునే పద్ధతిని దయచేసి వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత ఇంజినీరు, బెంగళూరు)
అమ్మా, ముందుగా ఇంజను ఆపి, పడవ తన ఊపు మీద సాగుతున్న కాసేపు రికార్డు చేయండి. రొద ఇంజనుతోపాటే తెగిపోతే అది పడవది. వేగంతోపాటు మెల్లగా తగ్గితే మిగిలిన రెండింటినీ అనుమానించాలి. తరువాత పక్కపక్క చానళ్లను పోల్చండి. గొట్టాన్ని ఒరుసుకుంటూ పోయే నీటి సుడులు కొద్ది దూరంలోనే రూపు మారిపోతాయి కాబట్టి, 0.75 మీటర్ల ఎడంలో రెండు చానళ్ల మధ్య పోలిక దాదాపు కనిపించదు. పడవ చప్పుడు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది గనుక, ముందునుంచి నేరుగా వస్తే ఒక హైడ్రోఫోన్ నుంచి తరువాతిదానికి అర మిల్లీసెకనులో చేరుతుంది. పోలిక ఉండి కూడా ఆలస్యం ఇంతకంటే బాగా ఎక్కువైతే, అది గొట్టం వెంట పాకుతున్న అదురు. కేబుల్ వెనుక సుడులు విడివడడం వల్ల పుట్టే అదురు స్పెక్ట్రంలో (ఏ పౌనఃపున్యంలో ఎంత రొద ఉందో చూపే చిత్రంలో) సన్నని గీతలుగా కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల కేబుల్‌కు అడ్డంగా సెకనుకు 1 మీటరు ప్రవాహం ఉంటే ఆ గీత 10 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అదురే కారణమైతే అర్రేకు ముందూ వెనుకా సాగే గుణమున్న విభాగాలు చేర్చడమే సరైన మందు.

జవాబు 2 (సంకేత విశ్లేషణ, చెన్నై)
పై సూచనలతో ఏకీభవిస్తూ ఒక్కటి చేరుస్తాను. మీ ఎడం 1000 హెర్ట్జ్‌కు సరిగ్గా అర తరంగదైర్ఘ్యం, కనుక అర్రే దిశలను బాగా వేరుచేసేది ఆ దరిదాపుల్లోనే. 100 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 15 మీటర్లు, మీ అర్రే పొడవు 23 మీటర్ల పైచిలుకు. కనుక బీమ్ (అర్రే ఒక దిశకేసి వినే పరిధి) అడ్డదిశలోనే సుమారు 30 డిగ్రీల వెడల్పు ఉంటుంది, ముందు దిశలో ఇంకా విశాలం. పోలిక లేని ఒరిపిడి రొద మీద 32 చానళ్ల కూడిక దాదాపు 15 డెసిబెళ్ల మేలు చేస్తుంది గాని, లోతు తక్కువైన తీరజలాల్లో అడుగునా ఉపరితలానా తగిలి వచ్చే పడవ చప్పుడును ఆ బీమ్ వేరుచేయలేదు. లాగే కేబుల్‌ను పొడిగించడమే దీనికి నా సలహా.

జవాబు 3 (సముద్ర పరికరాల విభాగం, చెన్నై)
మంచినీటి తొట్టిలో తేలకుండా, మునగకుండా సమతూకం చేసిన గొట్టం ఘనపు మీటరుకు సుమారు 1025 కిలోల సాంద్రత గల సముద్రపు నీటిలో పైకి తేలుతుంది, వంగిన చోట ప్రవాహం అడ్డంగా తగిలి రొద పెరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఉత్తరం నుంచి ఉప్పు తక్కువైన నీరు మన తీరం వెంబడి దిగివస్తుంది కాబట్టి, బయలుదేరే రోజున ఉప్పదనం కొలిచి తూకం సరిచేయండి, రెండు చివరలా లోతు సెన్సర్లు పెట్టండి.