అలమేలా, అలివేలా? పాప సర్టిఫికెట్‌లో ఏది రాయించాలి?

ప్రశ్న: తిరుచానూరు అమ్మవారి పేరు పెడుతున్నాం. అవ్వ అలివేలు అంటుంది, అయ్యవారు అలమేలు అన్నారు. ఏది సరైనది?

జవాబు 1: పేరు ఒకటే అక్కా. మూలం తమిళం: అలర్ (పువ్వు), మేల్ (పైన), మంగై (స్త్రీ). తామరపై కొలువైన తల్లి కాబట్టే పద్మావతి కూడా. అన్నమయ్య (1408–1503) కీర్తనల్లో అలమేలుమంగ, అలరుమేలుమంగ అనే రూపాలున్నాయి. జనం నోట నలిగి అలివేలు అయింది, తప్పేమీ లేదు. నాకైతే అదే ముద్దు.

జవాబు 2: మంగమ్మ, మంగతాయారు కూడా ఈ తల్లి పేర్లే. తిరుచానూరుకు అలమేలుమంగాపురం అనే పేరూ ఉంది. కార్తీక శుద్ధ పంచమినాడు పద్మసరోవరంలో అమ్మవారు అవతరించారని స్థలపురాణం; బ్రహ్మోత్సవాల చివరిరోజు పంచమీతీర్థం అందుకే.

జవాబు 3: రాయించేటప్పుడు జాగ్రత్త. ‘అలమేలుమంగ’ అని కలిపి ఒకే పదంగా ఇవ్వండి. విడదీస్తే ‘మంగ’ పోయి ఇంటిపేరు గడిలో పడుతుంది, తర్వాత ఆధార్‌కూ పాస్‌పోర్టుకూ పొంతన కుదరదు. ఇంగ్లీషు అక్షరాలు ముందే కాగితం మీద రాసుకెళ్లండి. అక్కడికక్కడ చెబితే లి, మే తారుమారవుతాయి. పుట్టుక నమోదై పేరు రాయించకుంటే 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఇంట్లో అలివేలు అని పిలుచుకోండి, ఎవరొద్దంటారు!