యుద్ధకాలంలో కూలిన విమానానికి రోడ్డు పక్కన స్తూపం కట్టాలా, వద్దా?

వంశధార ఒడ్డు:
టెక్కలి వైపు మా ఊరి కొండవాలులో రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక విమానం కూలిందని, అందులో ఉన్నవారెవరూ బతకలేదని పెద్దలు చెబుతుంటారు. వారి జ్ఞాపకార్థం జాతీయ రహదారి నుంచి ఊళ్లోకి తిరిగే మలుపులో స్తూపం కట్టాలని మా కుర్రవాళ్లు చందాలు పోగుచేస్తున్నారు. "ఊరిని కాపాడడానికి విమానాన్ని కొండవైపు మళ్లించి ప్రాణాలర్పించిన వీరులకు" అని ఫలకం మీద చెక్కించాలని వారి ఉద్దేశం. ఊళ్లో దీని మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మీ అభిప్రాయాలు తెలుపగోరుతున్నాను.

మందస రైతుబిడ్డ:
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. అదే యుద్ధం సాగుతుండగా, 1940 ఏప్రిల్ 1న, మన జిల్లాలోని గుడారి రాజమణిపురంలో జమీందారుపై తిరగబడిన రైతుల మీద నాటి బ్రిటిష్ ప్రభుత్వపు పోలీసులు కాల్పులు జరిపారు. గర్భవతి అయిన సాసుమాన గున్నమ్మ ఆ తూటాలకే బలైంది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం చెలరేగినప్పుడు పొరుగునే ఒడిశాలోని తాల్చేరులో జనం మీద విమానం నుంచి మరతుపాకులు పేల్చారు. ఆ విమానాలు నడిపిన దళానికి మనం చందాలు వేసుకుని స్తూపం కట్టడమేమిటి? మృతుల పట్ల జాలి వేరు, దారిన పోయేవారందరూ తలవంచేలా కూడలిలో నిలబెట్టే గౌరవం వేరు.

నాగావళి:
రైతుబిడ్డ గారు చెప్పిన రెండు ఘటనలూ వాస్తవాలే, వాటిని మరచిపోవలసిన పని లేదు. అయితే ఇక్కడ వాదించుకుంటున్న రెండు పక్షాలూ ఒకే లోపంతో మాట్లాడుతున్నాయని నాకు తోస్తోంది. ఆ విమానంలో ఉన్నది ఎవరో తెలియకుండానే ఒకరు వారిని వీరులంటున్నారు, మరొకరు పాలకుల మనుషులంటున్నారు. ఆ కాలంలో భారత గడ్డ మీది బ్రిటిష్ స్క్వాడ్రన్లలో కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ యువకులు కూడా పనిచేశారు. అమెరికా దళాలు వేరుగా ఉండేవి. 1932లో ఏర్పడిన భారత వైమానిక దళం ఉండనే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన తరువాత ఈ తీరం వెంబడి ఎగిరినవారిలో మనవారూ ఉన్నారు.

పేర్లు తెలుసుకోవడానికి మార్గాలున్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాను మరణించిన తేదీని బట్టి వెతకవచ్చు. దక్షిణ, తూర్పు భారతంలో అక్కడక్కడా ఉండి, శాశ్వత సంరక్షణకు హామీ లేని యుద్ధ సమాధులను తరువాత చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ యుద్ధ శ్మశానానికి తరలించారు. దేహం దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉంటాయి. స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు లండన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) భద్రంగా ఉన్నాయి. అయితే ఏ జాబితా తెరవాలన్నా ముందు మనకు సుమారైన తేదీ కావాలి. అది మీ ఊళ్లోనే దొరకాలి: ఏ పంట కోతల నాడు జరిగింది, ఎవరి పెళ్లయిన ఏడాది, తుఫానుకు ముందా, వెనుకా అని ముసలివారిని విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. అందరినీ ఒకచోట అడిగితే గట్టిగా మాట్లాడేవారి కథే అందరి కథ అవుతుంది. ఏ ఇంటి అటక మీదనైనా శకలం ఉంటే, దాని మీది అంకెలను బట్టి అది ఏ రకం విమానమో తేలవచ్చు.

ఇక "ఊరిని కాపాడడానికి మళ్లించి" అన్న వాక్యాన్ని మాత్రం తీసివేయాలి. విమానం కూలిన చాలాచోట్ల ఈ కథే వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో 1944 ఫిబ్రవరి 22న ఒక అమెరికన్ బాంబర్ పార్కులో కూలి పదిమంది మరణించారు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలను తప్పించడానికే పైలట్ పక్కకు తిప్పాడని నమ్మేవారు నేటికీ ఉన్నారు. అయినా అక్కడి రాతి మీద ఆ కథ లేదు. పదిమంది సిబ్బంది అని, ఈ పార్కులో కూలిందని, తేదీ అని మాత్రమే ఉంది. బతికి చెప్పినవారు లేనప్పుడు పైలట్ మనసులో ఏముందో మనం ఫలకం మీద ఎలా రాస్తాం?

విజయనగరం ప్లీడరు:
ఎవరికి కట్టాలన్న వాదన ఎలా తేలినా, ఆ మలుపులో కట్టడం కుదరదు. రోడ్లు, కాలిబాటలు, రోడ్డు పక్క స్థలాలలో విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ రాష్ట్ర ప్రభుత్వాలు ఇకపై అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా ఇన్ని విగ్రహాలు ఎలా వెలిశాయని మీరు నన్ను అడుగుతారు. దానికి నా దగ్గర సమాధానం లేదు, రోడ్డు వెడల్పు చేసే రోజున వాటిలో ఎన్ని మిగులుతాయో మాత్రం ఆలోచించండి. గ్రామకంఠంలో గానీ, ఎవరైనా దానపత్రం రాసిచ్చే స్థలంలో గానీ కట్టుకుంటే అభ్యంతరం చెప్పేవారుండరు.

బొబ్బిలి పాతకోట:
ఆలస్యమైతే జ్ఞాపకం చెరిగిపోతుందన్న తొందర అక్కర్లేదు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగితే, యుద్ధస్తంభం నిలిచింది 1891లో, అంటే 134 ఏళ్ల తరువాత. జనం నోట కథ బతికి ఉంది కాబట్టే స్తంభం వచ్చింది. నాగావళి గారి మాటలో ఒక్కదానితో నేను ఏకీభవించను. ఊరివారు నమ్మిన కథను పూర్తిగా తీసివేస్తే ఆ రాయి కొండ మీద పడినవారిదే అవుతుంది, ఊరిది కాదు. "అని ఈ గ్రామస్థులు చెప్పుకుంటారు" అని చేర్చి ఒక వాక్యం ఉంచవచ్చు.

నాగావళి:
అలాగైతే అభ్యంతరం లేదు, కానీ అది పేర్ల కింద, చిన్న అక్షరాలలో ఉండాలి.

మందస రైతుబిడ్డ:
యుద్ధ సమాధుల కమిషన్‌ను మీరందరూ ప్రమాణంగా తీసుకుంటున్నారు. హోదా, జాతి, మతం చూడకుండా అందరినీ సమానంగా స్మరిస్తామన్న ఆ సంస్థే, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన 45,000 నుంచి 54,000 మందిని సమానంగా స్మరించలేదని 2021లో ఒప్పుకుంది. వారిలో ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికన్లు. కనుక జాబితాలో తెల్లవారి పేర్లు దొరికి, వారితో ఉన్న మన మనిషి పేరు దొరకకపోతే ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. పేర్లన్నీ వచ్చి, అవి గ్రామసభలో చదివి, స్థలం రోడ్డుకు దూరంగా నిర్ణయిస్తే నేను అడ్డుపడను. చందా మాత్రం ఇవ్వను. ఆ డబ్బు గున్నమ్మ స్మారకానికి సున్నం వేయడానికి పంపుతాను.

వంశధార ఒడ్డు:
ఫలకం చెక్కే పనిని ప్రస్తుతానికి ఆపించాము. ఎనభై దాటినవారు మా ఊళ్లో ఇంకా కొందరున్నారు. వచ్చే ఆదివారం నుంచి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, వారు చెప్పేది వేరువేరుగా రాసుకుంటాము. ఏ తేదీ దగ్గర తేలినా ఇక్కడ తెలియజేస్తాను.