హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న చోట చర్మం ఎగుడుదిగుడుగా ఉంది, గుండు చేయించాక బయటపడింది

ప్రశ్న (కరీంనగర్ నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 34. ఎనిమిది నెలల కిందట నుదుటి పైన ఎఫ్‌యూఈ పద్ధతిలో (తల వెనక నుంచి జుట్టు కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటడం) 2,400 గ్రాఫ్ట్‌లు, అంటే అలా తీసిన కుదుళ్ల ముక్కలు, పెట్టించుకున్నాను. జుట్టు బాగానే వచ్చింది. పాప పుట్టినప్పటి మొక్కు ఉండటంతో పోయిన వారం తిరుమల వెళ్లి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చాను. రూమ్‌కి వచ్చి తలస్నానం చేసి తుడుచుకుంటుంటే వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. అద్దంలో చూస్తే నుదుటి పైన రెండు వేళ్ల వెడల్పున చర్మం కమలా తొక్కలా ఉంది. అక్కడక్కడా ఎర్ర పొక్కులు కూడా ఉన్నాయి. ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేస్తే "అది మామూలే, పీఆర్‌పీ రెండు సిట్టింగులు తీసుకోండి" అన్నారు. పీఆర్‌పీ అంటే మన రక్తంలోంచే తీసిన ద్రవాన్ని తల చర్మంలోకి సూదితో ఎక్కించడమట. మా బావమరిదేమో మెడికల్ షాపులో స్టెరాయిడ్ క్రీమ్ కొనుక్కుని రాయమంటున్నాడు. గుండు వల్ల గ్రాఫ్ట్‌లు పోయాయా? ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు 1 (విశాఖ నుంచి)

గ్రాఫ్ట్‌ల గురించి టెన్షన్ వద్దు. మొదటి పది రోజులు దాటితే అవి చర్మంలో గట్టిగా పట్టుకుంటాయి. కత్తి కోసేది పైన ఉన్న వెంట్రుకనే. కుదురు చర్మం లోపల నాలుగైదు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, అక్కడిదాకా బ్లేడు వెళ్లదు. మీ మొక్కు మీ జుట్టుకేమీ చెరుపు చేయలేదు. చర్మం సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

జవాబు 2 (గుంటూరు నుంచి)

తమ్ముడూ, ఇదే బాధ నేను మూడేళ్ల కిందట పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

నీ తల మీద ఒకటి కాదు, రెండు సమస్యలు ఉన్నట్టున్నాయి. వాటిని విడదీసి చూడాలి. ఉదయంపూట కిటికీ పక్కన కూర్చుని, ఇంకొకరిని ఫోన్ టార్చి పక్క నుంచి, తలకు ఆనించినట్టుగా పట్టుకోమను. పై నుంచి వెలుగు పడితే ఏమీ కనబడదు, పక్క నుంచి పడితే ప్రతి చిన్న గుబ్బకూ నీడ పడుతుంది. అలాగే దగ్గర నుంచి ఫోటో తీయించు. ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా, కొనలో చీము ఉంటే అది పొక్కు. కొత్త వెంట్రుక పైకి వచ్చేటప్పుడు చర్మం కింద చుట్టుకుపోయినా, కత్తితో మరీ నున్నగా గీయించినా ఇవి వస్తాయి, తగ్గిపోతాయి. నొప్పి లేకుండా, చర్మం రంగులోనే చిన్న గుబ్బ ఉండి, దాని నడిమధ్య నుంచి వెంట్రుక మొలిస్తే అది వేరే. గ్రాఫ్ట్ పైకి ఉండిపోయిందన్నమాట. అదే వెంట్రుక చిన్న గుంటలోంచి వస్తుంటే గ్రాఫ్ట్ మరీ లోతుకు దిగింది.

ఎందుకలా అవుతుందంటే, గ్రాఫ్ట్ అంటే ఉత్త వెంట్రుక కాదు. దానితోపాటు పైచర్మం ముక్క కూడా చిన్నది వస్తుంది. సుమారు ఒక మిల్లీమీటరు చీలికలో దాన్ని కూర్చోబెడతారు. ఆ ముక్క చుట్టూ ఉన్న చర్మంతో సమంగా, లేదా వెంట్రుకవాసి పైకి ఉండాలి. ఎక్కువ పైకి ఉంటే గులకరాళ్లు పరిచినట్టు మానుతుంది, కిందికి పోతే గుంట పడుతుంది. వేల గ్రాఫ్ట్‌లు గంటల తరబడి పెట్టే పని ఇది, చేయి తిరిగినవాళ్లే పెట్టాలి. పాతకాలంలో 4 మిల్లీమీటర్ల ముక్కలు పెట్టేవారు, అప్పుడు ఈ గుబ్బలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడేవి.

ఇప్పుడు నీకు ధైర్యం చెప్పే మాట. ఎనిమిది నెలలంటే గాయం లోపల ఇంకా పూర్తిగా మానలేదు. మొదటి ఏడాదంతా మచ్చ మెత్తబడుతూ, కిందికి దిగుతూ ఉంటుంది. నాకు ఆరో నెలలో వేలికి తగిలినవాటిలో చాలా వరకు పదమూడో నెలకు పోయాయి. నుదుటి అంచున ఒక వరుస మాత్రం మిగిలింది. దానికి డాక్టర్ గారు సన్న సూదితో ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ మందు గుబ్బలోకే చుక్క చుక్కగా వేశారు, నెలకోసారి, మూడుసార్లు. అది ఎక్కువైతే చర్మం పల్చబడి గుంట పడుతుంది కాబట్టి చేయి తిరిగిన చర్మవ్యాధుల డాక్టరే వేయాలి. లేజర్‌తోనూ కొంత చదును చేస్తారు. మరీ ఎత్తుగా ఉన్నవి నాలుగైదే అయితే ఆ గ్రాఫ్ట్‌ను తీసి వేరే చోట నాటడం కూడా ఉంది. తల మీద చుక్కలు వేసే పచ్చబొట్టు పద్ధతి దీనికి పనికిరాదు. అది రంగును కప్పుతుంది గానీ ఎత్తును కాదు.

మీ బావమరిది మాట మాత్రం వినకు. చీము పొక్కుల మీద స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ముందు ఎరుపు తగ్గినట్టే ఉండి తర్వాత ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. ఫంగస్ ఉంటే మరీ ప్రమాదం. గోరుతో గిల్లకు, పీచుతో రుద్దకు, ఆ చోట కొబ్బరినూనె కొన్నాళ్లు ఆపు. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, పొక్కుల మీద పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు పెట్టు. షుగర్ ఉందేమో కూడా చూపించుకో, ఉంటే పొక్కులు త్వరగా మానవు.

పీఆర్‌పీ గుబ్బను అణచే వైద్యం కాదు. ముందు చూడకుండా, ఫోన్‌లోనే సిట్టింగులు చెప్పడం నాకు నచ్చలేదు. ఆపరేషన్ చేయని వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఎండీ డెర్మటాలజీ చదివినవారి దగ్గరికి. గ్రాఫ్ట్‌ల సంఖ్య, తేదీ రాసిన కాగితం తీసుకెళ్లు. చీము కారుతున్నా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే వెళ్లాలి. కుదుళ్ల చుట్టూ పొట్టు, దురద ఉండి వచ్చిన జుట్టు మళ్లీ ఊడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పు. అరుదే అయినా మచ్చ పడే జబ్బు ఒకటి ఇలా మొదలవుతుంది, దానికి చర్మం ముక్క తీసి పరీక్ష చేస్తారు.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత)

అన్నా, చాలా థ్యాంక్స్. డాక్టర్ గారు చిన్న లెన్స్ పెట్టి చూశారు. నువ్వన్నట్టే రెండూ ఉన్నాయట. పొక్కులు కత్తి వల్ల వచ్చినవే, ఒక లోషన్ ఇచ్చారు, అప్పుడే సగం తగ్గాయి. ముందు రెండు వరుసల్లో గ్రాఫ్ట్‌లు పైకి ఉన్నాయట. ఏడాది నిండాక మళ్లీ రమ్మన్నారు, అప్పటిదాకా సూది వద్దన్నారు. షుగర్ లేదు. ఇంకొక్కటి అడగాలి. మార్చిలో మా తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకు మళ్లీ తిరుమల వెళ్తున్నాం, అమ్మ నన్ను కూడా గుండు చేయించుకోమంటోంది.

జవాబు 2 (గుంటూరు నుంచి)

నీ మొక్కు తీరిపోయింది కదా, ఈసారికి మూడు కత్తెరలు ఇచ్చి దణ్ణం పెట్టుకో. ఆడవాళ్లు చాలామంది అలాగే ఇస్తారని అమ్మకు చెప్పు. ఇంటి దగ్గర జుట్టు తగ్గించాలంటే ట్రిమ్మరే వాడు, చర్మానికి ఆనించి గీయకుండా కొంచెం పొడవు ఉంచు. ఏడాది నిండాక పక్క నుంచి టార్చి వేసి మళ్లీ ఫోటో తీసి ఇక్కడే పెట్టు, పాతదానితో పోల్చి చూద్దాం.