అప్‌డేట్: పరిగెత్తుతూ విసిరితే గ్రెనేడ్ అందుతోంది

కౌంటర్-స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేమ్‌లో నా హెచ్‌ఈ గ్రెనేడ్లు (పేలి డ్యామేజ్ చేసేవి) ఎప్పుడూ టార్గెట్‌కి ముందే పడిపోతున్నాయని అడిగాను కదా. "ఎయిమ్ వదిలేసి కాళ్లు చూసుకో" అన్నవాళ్ల మాటే నిజమైంది, అందరికీ థ్యాంక్స్.

నేను ఆగి, నిలబడి విసిరేవాణ్ణి. విసిరే క్షణంలో మనకున్న వేగం గ్రెనేడ్‌కి కూడా తోడవుతుంది. ముందుకు పరిగెత్తితే దూరం, జంప్ చేస్తే ఎత్తు, రెండూ కలిస్తే నేను ఇన్నాళ్లూ అందుకోలేకపోయిన గోడ అవతల పడుతోంది!

ప్రాక్టీస్ మోడ్‌లో గ్రెనేడ్ ఎక్కడ పడుతుందో చూపించే గ్రెనేడ్ కెమెరా పెట్టుకుని మూడు సాయంత్రాలు ఇదే పని. అసలు తప్పు అక్కడే దొరికింది: విసరడానికి మౌస్ బటన్ వదిలే క్షణానికి కాస్త ముందే ముందుకెళ్లే కీ వదిలేస్తున్నాను. వేగం తగ్గిపోయి, పరిగెత్తినా ఫలితం ఉండట్లేదు. ఇప్పుడు గ్రెనేడ్ చేయి దాటేవరకు కీ నొక్కే ఉంచుతున్నాను. ఇంకోటి, పక్కకి జరుగుతూ విసిరితే గ్రెనేడ్ కూడా అటే కొట్టుకుపోతుంది. మూల చాటు నుంచి బయటికొస్తూ విసిరేవాళ్లు ఆ మేరకు ఎయిమ్ రెండోవైపుకి జరపాలి.

దగ్గరి దూరాలకి రైట్ క్లిక్‌తో మెల్లగా విసిరితే చాలు, పరుగు అక్కర్లేదు.

పరుగు చప్పుడు మాత్రం ఎదుటివాళ్లకి వినిపిస్తుంది. అందుకే రౌండ్ మొదట్లో పరిగెత్తి విసురుతున్నాను, చివర్లో ఒక్కడినే మిగిలితే నిలబడే విసురుతున్నాను.