చీటో నాచు తెల్లబడుతున్నది, రాళ్ల మీద హెయిర్ ఆల్గే మాత్రం ఆగుతలేదు, ఏం జేయాలె?

ఓరుగల్లు_రీఫ్ (హన్మకొండ):

అన్నలకు అక్కలకు నమస్తే. నాది 250 లీటర్ల మెరైన్ ట్యాంక్, కింద సంప్ (ఫిల్టర్ల తొట్టి), రాళ్లు ఇసుక పోను మొత్తం నీళ్లు 280 లీటర్ల దాకా ఉంటయి. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక డామ్సెల్, కొన్ని సాఫ్ట్ కోరల్స్ ఉన్నయి. సంప్‌ల మధ్య అర రెఫ్యూజియం (నాచు, చిన్న జీవాలు పెంచే జాగ) కోసం ఉంచి హైదరాబాద్ నుంచి బస్సు పార్శిల్ల చీటో (నీళ్లల్ల నైట్రేట్, ఫాస్ఫేట్ తినే సముద్రపు నాచు) తెప్పించిన. వచ్చినప్పుడు ముదురు ఆకుపచ్చగ, పట్టుకుంటే గిన్నెలు తోమే పీచు లెక్క గరుకుగ ఉండె. ఇప్పుడు పైన ఒక పొర మాత్రమే పచ్చగున్నది, లోపల తెల్లబడ్డది, చేత్తో పడ్తే మెత్తగ తెగిపోతున్నది, ఆ తెగిన ముక్కలు పోయి రిటర్న్ పంప్‌ల ఇరుక్కుంటున్నయి.

ఇంకో దిక్కు పైన ట్యాంక్‌ల రాళ్ల మీద హెయిర్ ఆల్గే (వెంట్రుకల లెక్క ఉండే నాచు) మస్తు పెరుగుతున్నది. టెస్ట్ చేస్తే నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0 చూపిస్తున్నది. సాలినిటీ 1.025, మధ్యాహ్నం టెంపరేచర్ 29, 30 దాకా పోతున్నది. షాపాయన ఫాస్ఫేట్ తీసేతందుకు జీఎఫ్ఓ (ఇనుప ఆక్సైడ్ గుళికలు) రియాక్టర్ పెట్టిచ్చిండు, అది నడుస్తనే ఉన్నది, ఇప్పుడేమో ఇంకో ప్యాకెట్ వేయమంటుండు. రెఫ్యూజియం మీద 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బు. టాప్ అప్‌కు (ఆవిరైన నీళ్లు నింపేతందుకు) ఇంట్ల ఆర్ఓ నీళ్లే. ఒక దోస్తేమో చీటో పీకేసి కౌలెర్పా అనే ఇంకో నాచు వేయి, అది సావదు అంటున్నడు.

నాకు సమజ్ గానిది ఒక్కటే, అదే నీళ్లల్ల ఒక నాచు సస్తుంటే ఇంకో నాచు ఎట్ల బలుస్తది? ముందుగాల ఏది సరిచేయాలె? ముందు ముందు మాండరిన్ చేప పెట్టాలని ఉన్నది, దానికి తిండిగ కోపీపాడ్స్ (సన్నటి నీటి జీవాలు) కావాలె కాబట్టి రెఫ్యూజియం తీసేసుడు అయితే నాకు ఇష్టం లేదు.

కాజీపేట్_సాల్టీ:

తమ్మీ, రెఫ్యూజియం అస్సలు తీయకు. టెస్ట్ కిట్ చూపించేది నీళ్లల్ల మిగిలింది మాత్రమే, ట్యాంక్‌ల పుట్టింది ఎంత, తిన్నది ఎంత అనేది అది చెప్పదు. నువ్వు చేపలకు రోజూ మేత వేస్తున్నవ్, అవి రోజూ రెట్ట వేస్తున్నయి, మరి నైట్రేట్ 0 అంటే పుట్టింది పుట్టినట్టు ఎవరో తినేస్తున్నరనే గద. తినేది ఆ హెయిర్ ఆల్గే. అది కూసున్నది రాయి మీద, రాయిల పట్టి ఉన్న ఫాస్ఫేట్ మెల్లగ బయటికి వస్తుంటే నీళ్లల్ల కలవకముందే అందుకుంటది, నెత్తి మీద నీ కోరల్ లైట్ ఉండనే ఉన్నది. చీటోకు రాయి లేదు, వేరు లేదు, తన మీదికెళ్లి పారే నీళ్లల్ల ఏం దొరికితే అదే తిండి. ఆ పారే నీళ్లను నువ్వు జీఎఫ్ఓ పెట్టి ఊడ్చి పంపిస్తున్నవ్, పైనుంచి బల్బు చూస్తే 9 వాట్లు. తిండీ లేదు, ఎండా లేదు, అది ఎట్ల బతుకుతది చెప్పు.

ముందుగాల జీఎఫ్ఓ బంద్ పెట్టు, రెండో ప్యాకెట్ కొననే కొనకు. స్కిమ్మర్ (నురగతోటి మురికి తీసే మిషన్) నడవనీ, అది కరిగిన నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ నేరుగ తీయదు, చేపలకు గాలి కూడా అందుతది. తర్వాత లైట్ మార్చు. మొక్కల కోసం అమ్మే గ్రో లైట్ సరిపోతది, ఎరుపు 660 నానోమీటర్లు, నీలం 450 దగ్గర ఉండేవి, 30 వాట్లకు తక్కువ కాకుండ చూసుకో. అద్దం మీద ఉప్పు పేరుకుంటే వెలుతురు మస్తు అక్కడ్నే ఆగిపోతది, వారం వారం తుడువాలె. హెయిర్ ఆల్గేను చేత్తో, పాత టూత్ బ్రష్‌తో పీకి బయట పడేయ్, పీకిన ముక్కలు ట్యాంక్‌ల తేలకుండ పక్కనే సైఫన్ పైపు పెట్టుకొని గుంజు. టర్బో నత్తలు దొరికితే నాలుగు వేయి. ఇవన్నీ ఒక్కరోజే చేస్తే కోరల్స్ మూసుకుంటయి, ఒకటి చేసినంక వారం ఆగి ఇంకోటి చేయి.

కరీంనగర్_మాక్రో:

పై అన్న చెప్పింది కరెక్ట్. కౌలెర్పా సంగతి నేను చెప్తా తమ్ముడూ, వేయకు. చూసేతందుకు ఆకులు, కాడలు, వేర్ల లెక్కనే ఉంటది గాని మొక్క మొక్కంతా ఒక్కటే కణం, నడుమ అడ్డు గోడలు ఉండవ్. గట్టిగ నలిగితే లోపలి రసం నీళ్లల్లకు కారుతది. దానికి తిక్క లేస్తే ఒక్క రాత్రిల లోపలిదంతా బీజాలుగ వదిలేసి పొద్దటికి గాజు లెక్క తెల్లగయితది, ట్యాంక్ నీళ్లు పచ్చపాల రంగుకు తిరుగుతయి, అది అన్ని నెలలు తిన్నదంతా మళ్ల నీళ్లల్లనే పడ్తది, ఆక్సిజన్ కూడా పడిపోతది. అట్ల కావొద్దని కొందరు 24 గంటలు లైట్ ఏసే ఉంచుతరు, మన కరెంటు కోతలల్ల అది నడువదు. దాంట్లనే ఒక జాతి, టాక్సిఫోలియా, 1984ల మొనాకో దగ్గర సముద్రంల మొదలు కనిపించి ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ తీరాల దాకా పోయింది. ట్యాంక్‌ల ఒక్కసారి రాయికి పట్టిందంటే పీకుడు మన తరం కాదు.

చీటో అట్ల కాదు. ఒక పోగు తీసి తెల్ల ప్లేటుల నీళ్లు పోసి భూతద్దం పెట్టి చూడు, కణం పక్కన కణం వరుసగ అతుక్కొని ఉంటయి, యాడా కొమ్మ చీలదు. బతికిన కణం నిండుగ పచ్చగుంటది, సచ్చిన కణం ఖాళీగ పారదర్శకంగ కనిపిస్తది. అట్ల చూస్తే ఎంత బతికున్నదో నీకే తెలుస్తది. ట్యాంక్‌ల నుంచి తీసిన ఉప్పునీళ్లు ఒక బకెట్ల పోసుకొని ఉండను విప్పి, తెల్లగయినదంతా తీసి పడేయ్, అడుగున పేరుకున్న మురికి దులుపు. నల్లా నీళ్లల్ల మాత్రం కడగకు, అందుల ఉన్న కోపీపాడ్స్ అన్నీ సస్తయి, నీ మాండరిన్ తిండి అదే. మిగిలిన పచ్చది పిడికెడే ఉన్నా చాలు. వదులుగ పరిచి కింది నుంచి నీళ్లు తగిలేటట్టు చిన్న పంప్ పెట్టు, ఉండ మెల్లగ తిరిగితే అన్ని దిక్కులా వెలుతురు పడ్తది. కదలకుండ ఒక్క తీరుగ ఉంటే నడుమ చీకటయి అక్కడి నుంచే కుళ్లుడు మొదలయితది.

ఇంకొక మాట. భద్రకాళి చెరువుల నాచు తెచ్చి వేద్దామని ఎవరన్నా చెప్తే వినకు, అది మంచినీళ్ల నాచు, ఉప్పునీళ్లల్ల పడంగనే సచ్చి ఇంకింత కుళ్లు చేస్తది.

నీళ్ల_లెక్క (మంచిర్యాల):

అందరూ తిండి, లైట్ గురించి చెప్పిన్రు, నేను నీళ్ల గురించి అడుగుత. ఇంటి ఆర్ఓ అన్నవ్, దాని నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) కొలిచినవా? తాగేతందుకు పెట్టే మిషన్లల్ల చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటది, రుచి కోసం వడకట్టని నీళ్లు కొంచెం కలుపుతది, కొన్నిటికి మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటది. మనం తాగేతందుకు మంచిదే, ట్యాంక్‌కు కాదు. ఎండకు ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, అందుల ఉన్నది అక్కడ్నే మిగులుతది. నువ్వు పోసిన ప్రతి బిందెతోటి నైట్రేట్, సిలికేట్ లాంటివి కొంచెం కొంచెం లోపలికి పోతున్నయి, బోరు నీళ్లయితే ఇంకా ఎక్కువ. హెయిర్ ఆల్గేకు కొంత తిండి అటు నుంచి కూడా అందుతుండొచ్చు. మీటర్ పెడితే 0 రావాలె, మహా అయితే 5.

ఇంకోటి, నాచుకు నైట్రోజన్, ఫాస్ఫరస్ ఒక లెక్క ప్రకారం కావాలె. సముద్రంల తేలే సూక్ష్మజీవులకు అణువుల లెక్కల 16కు 1 అంటరు గద, పెద్ద నాచులకు అది 30కి 1 దగ్గర ఉంటదని అట్కిన్సన్, స్మిత్ 1983ల లెక్క తేల్చిన్రు. అంటే చీటోకు నైట్రోజన్ ముందుగాల అయిపోతది. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్యల, నైట్రేట్ 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర ఉంచితే చీటోకూ మంచిది, సాఫ్ట్ కోరల్స్‌కూ మంచిది. జీఎఫ్ఓ తీసి, చేపల మేత కొంచెం పెంచి చూడు. హెయిర్ ఆల్గే చేత్తో పీకినంక కూడా నైట్రేట్ 0 దాటకపోతే పొటాషియం నైట్రేట్ వేయొచ్చు, నీ 280 లీటర్లకు అర గ్రాము కంటే జర తక్కువ వేస్తే 1 పీపీఎం పెరుగుతది, రోజుకు అంతకంటే ఎక్కువ వద్దు. ఎరువుల దుకాణంల 13-0-45 అని అమ్మేది అదే మందు గాని పొలం కోసం చేసింది, ట్యాంక్‌కు ల్యాబ్ గ్రేడ్‌దే తీసుకో. సూక్ష్మపోషకాల మిక్చర్లు అయితే దగ్గరికి కూడా రానియ్యకు, వాటిల రాగి ఉంటది, రొయ్యలు, నత్తలు సస్తయి.

ఓరుగల్లు_రీఫ్ (హన్మకొండ):

అందరికీ మస్తు థాంక్స్. మీటర్ తెచ్చి పెట్టిన, ఇంటి ఆర్ఓ నీళ్లు 92 చూపిస్తున్నది! మెకానిక్‌ను పిలిచి కంట్రోలర్ మూయించి, మినరల్ కార్ట్రిడ్జ్ కంటే ముందే ట్యాంక్ కోసం వేరే పైపు తీయించిన, ఇప్పుడు 6 వస్తున్నది. జీఎఫ్ఓ బంద్ చేసిన. అక్కా, భూతద్దంల చూస్తే మీరు చెప్పినట్టే ఉన్నది, ఒకే పోగుల నాలుగు కణాలు పచ్చగ, రెండు ఖాళీగ, మళ్ల పచ్చగ కనిపించినయి. పిడికెడు మిగిలింది, బకెట్ల దులిపితే తెల్లటి చిన్న చిన్న పురుగులు అటు ఇటు ఉరికినయి, అవే కోపీపాడ్స్ అనుకుంట, వాటిని మళ్ల ట్యాంక్‌లనే పోసిన. ఇగ ఎండాకాలం ఎట్ల చేయాలె? మా దగ్గర 44 డిగ్రీలు పోతది, చిల్లర్ కొనే స్థోమత ఇప్పుడైతే లేదు. లైట్ ఎన్ని గంటలు వేయాలె?

కాజీపేట్_సాల్టీ:

ఆ తెల్లటి పురుగులు అవే తమ్మీ, మంచి పని చేసినవ్. లైట్ రాత్రి వేయి, పైన కోరల్ లైట్ ఆరిపోయినంక మొదలుపెట్టి 12 గంటలు. రాత్రిపూట ట్యాంక్‌ల అన్నీ ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతయి, పీహెచ్ పడిపోతది, ఆ టైముల చీటో వెలుతురుల ఉంటే దాన్ని వాడుకుంటది. సంప్ దగ్గర రాత్రి చల్లగ ఉంటది, లైట్ వేడి కూడా అంత తెలువదు.

ఎండాకాలం మన దగ్గర గాలి పొడిగ ఉంటది కాబట్టి ఫ్యాన్ బాగ పనిచేస్తది. సంప్ నీళ్ల మీద ఏటవాలుగ గాలి తగిలేటట్టు చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. నీళ్లు మాత్రం మస్తు ఆవిరయితయి, రోజూ ఆ 6 టీడీఎస్ నీళ్లే పోయాలె, ఉప్పు కలిపినవి పోయొద్దు, ఉప్పు ఆవిరి కాదు గద. కరెంటు పోతే రెఫ్యూజియం లైట్ ఆరినా ఫికర్ లేదు, చీటో కొన్ని గంటలు చీకట్ల ఉంటది. బ్యాటరీ ఎయిర్ పంప్ చేపల కోసం రెడీగ పెట్టుకో. మోటర్ ఆగితే పైనుంచి దిగే నీళ్లు పట్టేటంత జాగ సంప్‌ల ఉన్నదో లేదో ఒకసారి స్విచ్ బంద్ చేసి చూడు.

చీటో మళ్ల అరంతా నిండినంక మూడో వంతు తీసి బయట పడేయ్. అది తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ ట్యాంక్‌ల నుంచి నిజంగ బయటికి పోయేది అప్పుడే, కోయకుండ వదిలేస్తే మళ్ల లోపల చీకటయి కుళ్లుతది. సగం కంటే ఎక్కువ ఒక్కసారి తీయకు. నీ పిడికెడు పచ్చబడకపోతే చెప్పు, నా దాంట్ల నుంచి ఒక ఉండ ఇస్త, తడి పేపర్ల చుట్టి కవర్ల పెడితే కాజీపేట నుంచి హన్మకొండ దాకా దానికేం కాదు, పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు రా.